గాలి భాషలో నీటి గండం

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాసం



కృష్ణమూర్తి గారి పేరు వినగానే చాలామందికి తెలుగు ధాతువుల మీద 1961లో వచ్చిన ఆయన పుస్తకం, 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ద్రావిడ భాషల బృహద్గ్రంథం గుర్తుకొస్తాయి. నాకు ముందుగా గుర్తొచ్చేది 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చువేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం. అది వ్యవసాయ పదాల సంపుటం. దుక్కికి, విత్తుకి, నాగలిలో ఒక్కొక్క కర్రముక్కకి ఏ జిల్లా రైతు ఏమంటాడో ఊళ్లకు వెళ్లి, అడిగి, రాసుకుని చేసిన పని. రైతుతో మాట్లాడదలచినవాడు ముందుగా రైతు దగ్గర ఏ మాట ఉందో తెలుసుకోవాలన్న పట్టుదల ఆ పుస్తకం వెనక ఉంది. ఆ పట్టుదలను నేను ఇవాళ వేరే చోటికి తీసుకువెళ్తాను. ఒంగోలులో పుట్టిన మనిషి స్మృతిసభలో సముద్రం గురించి మాట్లాడటం అసందర్భం కాదనుకుంటాను. నా విషయం తుఫాను హెచ్చరికల భాష.

భాష మన చూపును ఎంతవరకు మలుస్తుందన్నది మా శాస్త్రంలో పాత తగవు. ఆ తగవులో అందరికంటే ఎక్కువగా వినిపించే పేరు బెంజమిన్ లీ వోర్ఫ్‌ది. ఆయన జీతం తీసుకున్నది విశ్వవిద్యాలయం నుంచి కాదు, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ అగ్నిప్రమాద బీమా కంపెనీ నుంచి. ఎక్కడ ఎందుకు నిప్పంటుకుందో చూసి రావడం ఆయన ఉద్యోగం. పెట్రోలు నిండిన డ్రమ్ముల దగ్గర మనుషులు జాగ్రత్తగా మసలుకునేవారు. ఖాళీ డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి సిగరెట్టు ముట్టించుకునేవారు. నిజానికి ఖాళీ డ్రమ్ములో పేలడానికి సిద్ధంగా ఉన్న ఆవిరి ఉంటుంది, నిండు డ్రమ్ము కంటే అదే ప్రమాదం. 'ఖాళీ' అన్న మాట ఆ ఆవిరిని వాళ్ల దృష్టిలోంచి తప్పించింది. వోర్ఫ్ తర్వాత చేసిన పెద్ద పెద్ద ప్రతిపాదనల్లో చాలావాటిని తరవాతి వాళ్లు కోసి తగ్గించారు. మాట లేనంతమాత్రాన మనిషికి వస్తువు కనిపించకుండా పోదు. అయితే ఆ డ్రమ్ముల సంగతి మాత్రం నిలిచింది. తీరిక ఉన్నప్పుడు మనిషి మాటను దాటి ఆలోచిస్తాడు. తీరిక లేనప్పుడు, భయంలో ఉన్నప్పుడు, మాట ఎటు చూపిస్తే అటే చూస్తాడు. తుఫాను వచ్చే రోజు ఎవరికీ తీరిక ఉండదు.

మన రేడియోలో, పత్రికల్లో, టీవీలో ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో వినిపించే మాటల వరస మీకు తెలుసు. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను, అతి తీవ్ర తుఫాను. ఈ వరసను మనం ప్రమాదం పెరిగే వరసగా వింటాం. పై మెట్టుకు వెళ్తే బెదురుతాం, కింది మెట్టుకు దిగితే ఊపిరి పీల్చుకుంటాం. భారత వాతావరణ శాఖ ఈ మెట్లను దేన్ని బట్టి కట్టిందో చూడండి. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల మధ్య ఉంటే వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 చేరితే తుఫాను, 89 చేరితే తీవ్ర తుఫాను, 118 చేరితే అతి తీవ్ర తుఫాను. ఆపైన ఇంకో రెండు మెట్లున్నాయి, చివరిది 222 దగ్గర మొదలయ్యే సూపర్ సైక్లోన్. ఈ పేర్లన్నీ గాలి పేర్లు. ఎంత వాన కురుస్తుందో, సముద్రం ఎంత దూరం లోపలికి వస్తుందో వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు. చెప్పడానికి పుట్టిన మాటలు కావివి.

ఎందుకిలా అంటే, ఈ మాటలు ఓడ మీద పుట్టాయి. 1805లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్టు గాలిబలాన్ని కొలవడానికి మెట్లు కట్టినప్పుడు, ఓడ మీద ఎన్ని తెరచాపలు నిలపవచ్చన్నది ఆయన కొలబద్ద. 'సైక్లోన్' అన్న మాటను 1848లో కల్పించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉండేవాడు. గాలి పాములా చుట్టలు చుట్టుకుని తిరుగుతుందని నావికులకు చెప్పడం ఆయన ఉద్దేశం. ఆ సుడిలోంచి ఓడను ఎటు తిప్పితే బయటపడవచ్చో తెలియాలంటే గాలి ఎటునుంచి ఎటు తిరుగుతోందో తెలియాలి కదా. ఈ పిడింగ్టనే మన కాకినాడ పక్కనున్న కోరంగి మీద 1789లో విరుచుకుపడిన కెరటాల గురించి కూడా రాశాడు. కోరంగిని ముంచింది నీళ్లు, పేరు దక్కింది గాలికి. ఆయనను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆయన నావికుల కోసం పేరు పెట్టాడు, నావికులకు అది పనికొచ్చింది. ఆ పేరునే మనం గుడిసెల్లో ఉన్నవాళ్లకు, పొలాల్లో ఉన్నవాళ్లకు, నగరంలో నాలా పక్కన ఉన్నవాళ్లకు వినిపిస్తున్నాం.

రేవు హెచ్చరికలను దగ్గరగా చూద్దాం. 'కాకినాడ, విశాఖపట్నం పోర్టుల్లో ఎనిమిదో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వార్తలో రాగానే ఇంట్లో పెద్దవాళ్లు 'అమ్మో, ఎనిమిదా' అంటారు. తర్వాత తొమ్మిది అంటే ఇంకాస్త పెరిగిందనుకుంటారు. ఆ సంకేతాలు రేవులో ధ్వజస్తంభం మీద ఎగరేసేవి, ఓడల కెప్టెన్ల కోసం. ఎనిమిది అంటే తీవ్రమైన తుఫాను ఈ రేవును తన ఎడమ పక్కన ఉంచి పోతుందని అర్థం. తొమ్మిది అంటే కుడి పక్కన ఉంచి పోతుందని. పది అంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో పోతుందని. ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా దిక్కులో ఉంది, తీవ్రతలో లేదు. అయిదు, ఆరు, ఏడూ అంతే, అవి ఒక అంచె కిందివి. ఇక అన్నిటికంటే పెద్దదైన పదకొండో నంబరు చెప్పేది మరొకటి. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి మాత్రం ప్రమాదం ఉందని భావిస్తున్నాడు, అని దాని అర్థం. వార్తాకేంద్రాల డెస్కుల మీద పనిచేసినవాళ్లకు తెలుసు, ఈ నంబర్లు లేకుండా తుఫాను వార్త పూర్తయినట్టు అనిపించదు. అంకె ఉంటే శాస్త్రం ఉన్నట్టు తోస్తుంది. వినే మనిషి మాత్రం ఆ అంకెను మార్కుల్లాగా వింటాడు. చెప్పినవాళ్లది అబద్ధం కాదు, విన్నవాళ్లది అజ్ఞానమూ కాదు. ఒకే మాట రెండు చోట్ల రెండు పనులు చేస్తోంది, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. నా దృష్టిలో భాషతో వచ్చే చిక్కుల్లో అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. తెలియని మాట వింటే మనిషి అడుగుతాడు. తెలుసనుకున్న మాట దగ్గర ఎవరూ అడగరు.

ఇప్పుడు మన తీరం మీద మనుషుల్ని పొట్టన పెట్టుకున్నది ఏమిటో చూడండి. 1864 నవంబరు 1న మచిలీపట్నంలో 30,000 మంది పోయారంటారు. సముద్రం ఊళ్లోకి వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10,000 మంది పోయారు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి, కృష్ణ పాయల మధ్యనున్న ఆ పల్లపు నేల మీదికి మైళ్ల తరబడి వచ్చింది. గాలికి ఇళ్లు కూలాయి, నిజమే. మనుషుల్ని తీసుకుపోయింది మాత్రం నీళ్లు.

అది పాత సంగతి అనుకుంటే ఈ మధ్యవి రెండు చెబుతాను. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరాన్ని దాటింది తీవ్ర వాయుగుండం. తుఫాను కాలేదు కాబట్టి దానికి పేరు కూడా పెట్టలేదు. బంగాళాఖాతం, అరేబియా సముద్రం తుఫాన్లకు 2004 నుంచి పేర్లు పెడుతున్నారు, కానీ గాలి 62 అందుకుంటేనే ఆ నామకరణం. పేరు లేని ఆ తీవ్ర వాయుగుండం తెలంగాణ వైపు నడుస్తూ 'బలహీనపడి వాయుగుండంగా మారింది'. ఆ బలహీనపడిన వాయుగుండమే ఆ రాత్రి హైదరాబాదు మీద కురిసింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 300 మిల్లీమీటర్లకు పైగా పడింది. పాతబస్తీ చుట్టుపక్కల చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. గాలి బలహీనపడిన మాట వాస్తవం. వాన బలహీనపడలేదు. రెండోది 2024 సెప్టెంబరు మొదటి రోజులది. కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం, దానికీ పేరు లేదు. విజయవాడలో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ నీళ్లలో రోజుల తరబడి నిలిచింది, ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం నమోదైంది. తెలుగు నగరాలు ఈ మధ్య కాలంలో చూసిన పెద్ద జలప్రమాదాల్లో రెండు, మన మాటల మెట్లలో కింది మెట్ల మీద ఉన్నవి. 'తుఫాను కాదులే, వాయుగుండమే' అని ఎన్ని ఇళ్లలో అనుకుని ఉంటారో ఊహించండి. చెరువు కింద ఇల్లు కట్టుకోవడం, వాగును ఆక్రమించడం లాంటి అసలు కారణాలను మాట మీదికి నెట్టేయడం నా ఉద్దేశం కాదు. అవి తేలడానికి ఏళ్లు పడతాయి. మాటను సరిదిద్దడానికి అంత కాలం అక్కరలేదు.

ఇది ఒక్క మన ఇబ్బందే కాదు. అమెరికాలో హరికేన్లకు ఒకటి నుంచి అయిదు దాకా శ్రేణులున్నాయి, అవీ గాలివే. 1969లో కామిల్ అనే అయిదో శ్రేణి హరికేన్‌ను మిసిసిపీ తీరంలో తట్టుకున్నవాళ్లు కొందరు, 2005లో కత్రినా మూడో శ్రేణిలో ఒడ్డుకు వస్తోందని విని ఇల్లు కదలలేదు. అయిదుకే చెక్కు చెదరని ఇల్లు మూడుకు ఏమవుతుందని వాళ్ల లెక్క. ఆ మూడు వెంట 8 మీటర్లకు పైబడిన నీళ్లు వచ్చాయి. 2010లో అక్కడి హరికేన్ కేంద్రం ఆ శ్రేణుల పేరులోనే 'గాలి' అన్న మాటను చేర్చి, సముద్రపు పొంగు సంగతిని దాన్నుంచి పూర్తిగా విడదీసింది. తర్వాత పొంగుకు వేరే హెచ్చరిక మొదలుపెట్టింది. అంత అనుభవం ఉన్న వ్యవస్థకే ఒక పేరు ఒకే సంగతి చెప్పాలని తెలియడానికి అంత కాలం పట్టింది.

ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్ సంగతి దీనికంటే బాధాకరమైనది. 2013 నవంబరు 8న హయాన్ అనే తుఫాను, అక్కడివాళ్లు యోలాండా అంటారు, ఆ ఊరి మీదికి వచ్చింది. హెచ్చరికలు వెళ్లాయి. 'స్టార్మ్ సర్జ్' వస్తుందని ఇంగ్లీషులో చెప్పారు. ఆ దేశంలో ఇంగ్లీషు బాగా నడుస్తుంది, ఆ రెండు మాటలూ జనానికి విడివిడిగా తెలిసినవే. కలిసి వచ్చినప్పుడు వాటి అర్థం సముద్రమే లేచి ఇంటి మీదికి వస్తుందని చాలామందికి అందలేదు. తుఫాను అంటే ఏమిటో ఎరిగినవాళ్లు కాబట్టి పెద్ద గాలి, పెద్ద వాన అని తలుపులు బిగించుకున్నారు. దేశం మొత్తం మీద 6,300 మంది పోయారు. 'సునామీ వస్తుందని చెప్పి ఉంటే పారిపోయేవాళ్లం' అని ఎందరో తర్వాత అన్నారు. శాస్త్రం ప్రకారం అది సునామీ కాదు. సునామీ సాధారణంగా భూకంపం వల్ల వస్తుంది, ఉప్పెన గాలి తోసుకురావడం వల్ల వస్తుంది. అధికారులు శాస్త్రానికి కట్టుబడి సరైన మాటే వాడారు. ఆ సరైన మాట ఎవరినీ కొండ ఎక్కించలేదు.

మనకు ఆ లోటు లేదు. మనకు ఉప్పెన ఉంది. దివిసీమ ముసలివాళ్ల నోట ఆ మాట వచ్చినప్పుడు దాంట్లో గాలీ వానా ఉండవు, నీళ్లే ఉంటాయి. అలాంటి మాట చేతిలో ఉండగా మనం ఏం చేస్తున్నామంటే, వార్తలో 'తీరం వెంబడి అలలు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఎగసిపడే అవకాశం ఉంది' అని రాస్తున్నాం. ఇంగ్లీషు బులెటిన్‌లో ఉన్నది, మామూలు ఆటుపోట్ల మట్టం కంటే సముద్రం ఒకటిన్నర మీటర్లు పైకి లేస్తుందని. అది అల కాదు. సముద్రం మొత్తం మట్టం పెరిగి, ఆ పెరిగిన మట్టం మీద మళ్లీ అలలు రావడం. ఈ తేడా చిన్నది కాదు. ఉప్పాడ దగ్గరో, వాడరేవు దగ్గరో తెప్ప మీద రోజూ వెళ్లి వచ్చే మనిషిని అడగండి, ఒకటిన్నర మీటర్ల అల అంటే ఆయనకు మామూలు రోజే. ఆ వార్త విన్న ఆయన పడవను కాస్త పైకి లాక్కుని ఇంట్లో పడుకుంటాడు. అదే ఒకటిన్నర మీటర్లు మట్టం లేచిందంటే ఆయన పడుకున్న చాప కింద సముద్రం ఉంటుంది. ఇక ఉప్పెన అన్న మాట మనకెక్కడ కనిపిస్తోందంటే, జనం ఉప్పెనలా తరలివచ్చిన సభల వార్తల్లో. మాట అరిగిపోతోంది. అరిగినా తీరం మీద ఇంకా చావలేదు, అందుకే దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని అడుగుతున్నాను.

ఒక మాట ఎంత పని చేయగలదో తెలియాలంటే ఇండోనేసియాలోని సిమెలూ దీవికి వెళ్లాలి. 1907లో ఆ దీవిని సునామీ ముంచింది. బతికినవాళ్లు దానికి 'స్మోంగ్' అని పేరు పెట్టి, తమ పాటల్లో, పిల్లలకు చెప్పే కథల్లో ఆ మాటను దాచుకున్నారు. దాంట్లో ఉన్నది ఇంతే: నేల గట్టిగా కంపించాక సముద్రం వెనక్కి పోయిందంటే చేతిలో పని వదిలి కొండ ఎక్కాలి. 2004 డిసెంబరు 26న ఆ భూకంపం పుట్టిన చోటికి అతి దగ్గరగా ఉన్న దీవుల్లో అదొకటి. అక్కడ సుమారు 78,000 మంది ఉండేవారు. పోయింది ఏడుగురు. అదే ఉదయం హిందూ మహాసముద్రం చుట్టూ ఎన్నో తీరాల్లో సముద్రం వెనక్కి తగ్గితే, బయటపడ్డ ఇసుకను, చేపలను చూడటానికి జనం ముందుకు నడిచారు. అందరి కళ్లకూ కనిపించింది ఒకే దృశ్యం. సిమెలూ వాళ్లు దాన్ని గుర్తుపట్టారు, మిగిలినవాళ్లు వింతగా చూశారు. భాష చూపును మలుస్తుందా అని ఎవరైనా అడిగితే ప్రయోగశాలలో రంగుల బిళ్లలు చూపించి చేసిన పరీక్షల కంటే ముందు నేను ఈ దీవి సంగతి చెబుతాను.

ఇంకో పలుకుబడి ఉంది, అది నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. 'తుఫాను తీరం దాటింది.' తెలుగులో దాటడం అంటే గడిచిపోవడం. గండం దాటింది, పరీక్ష దాటింది, పొలిమేర దాటింది అంటాం. తీరం దాటిందంటే హమ్మయ్య అనిపించడం సహజం. ఆ వాక్యం సముద్రంలో నిలబడి చూసేవాడిది. ఒడ్డున ఉన్నవాడికి అది దాటలేదు, ఇప్పుడే మీదికి వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు తుఫాను కన్ను నగరం మీదుగా పోయింది. ఉదయమంతా ఊపేసిన గాలి మధ్యాహ్నం ఒక్కసారిగా నిలిచింది. ఆ నిశ్శబ్దంలో తలుపు తీసి బయటికి వచ్చి విరిగిన చెట్లను చూడాలనిపించని మనిషి ఉండడు. కన్ను దాటగానే ఎదురు దిక్కునుంచి మళ్లీ అంత గాలీ వస్తుంది. ఆ క్షణంలో చేతి ఫోనులో 'తీరాన్ని తాకింది, దాటుతోంది' అని కనిపిస్తే బయటికి వచ్చినవాడు ఏమనుకోవాలి? వాతావరణ శాఖకు ఇది తెలుసు. తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందో చెప్పడానికి ఆ శాఖ ప్రత్యేకంగా ఒక బులెటిన్ ఇస్తుంది. అది తీరం దాటకముందే వస్తుంది. అయినా తీరం దాటగానే మన వార్తల్లో తుఫాను కథ ముగిసిపోయి నష్టం అంచనాలు మొదలవుతాయి. 'తుఫాను ఒడ్డుకెక్కింది' అని రాస్తే ఏం పోతుంది?

వానమాటల్లోనూ ఇదే తీరు. 'మోస్తరు వర్షం' అంటే శాస్త్రంలో 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల వాన. 64.5 దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో మిర్చి కల్లాలు చూసినవాళ్లకు 'మోస్తరు' మాట ఎంత నిర్దయగా వినిపిస్తుందో తెలుస్తుంది. నేల మీద ఎర్రగా పరిచిన కాయ సగం ఎండి ఉంటుంది. ఒక ఏడాది కష్టం, కౌలు, మందుల అప్పు అంతా ఆ కల్లంలో ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వాన పడితే కాయ తెల్లబడి, బూజు పట్టి, ధర సగానికి పడిపోతుంది. 'మోస్తరు' అని విని పట్టాలు అద్దెకు తేవాలా వద్దా అని ఆ రైతు సాయంత్రం లెక్కవేసుకుంటాడు. అదే వాన జూన్‌లో అనంతపురం ఎర్రనేల మీద పడితే వేరుశనగ విత్తనానికి పదునైందంటారు. అదే నల్లరేగడిలో చాలలేదంటారు. రైతు వానను ఆకాశం నుంచి కొలవడు, నేల ఎంత లోతు తడిసిందో దాన్నిబట్టి పదును కొలుస్తాడు. ఈ కొలత అశాస్త్రీయం కాదు. మిల్లీమీటరు ఎంత పడిందో చెబుతుంది, పదును ఎంత నిలిచిందో చెబుతుంది.

'ఒకటి రెండు చోట్ల', 'కొన్ని చోట్ల', 'అనేక చోట్ల', 'చాలా చోట్ల' అన్న మాటలు కూడా లెక్క ఉన్నవే. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు లోపు, సగం లోపు, ముప్పాతిక లోపు, ఆ పైన అని వాటి అర్థాలు. ఆ లెక్క ఏ పత్రికలోనూ పక్కన ఇవ్వరు. అనేకానికీ చాలాకీ తేడా చెప్పమంటే నాలాంటి భాషావాడే తడబడతాడు. ఇక 'అవకాశం ఉంది' అన్నది మరీ లోతులేని మాట. ఇంగ్లీషు బులెటిన్‌లో సంభావ్యతకు మూడు నాలుగు మెట్లుంటాయి, తెలుగులోకి వచ్చేసరికి అన్నీ ఒకే 'అవకాశం' అయిపోతాయి. శాతాలు ఇస్తే సరిపోతుందనుకోకండి. జర్మనీకి చెందిన గెర్డ్ గిగెరెంజర్ తన తోటివారితో కలిసి 2005లో ఒక అధ్యయనం ప్రచురించాడు. 'రేపు వాన పడే అవకాశం 30 శాతం' అంటే ఏమిటని న్యూయార్కు, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, మిలాన్, ఏథెన్స్ నగరాల్లో అడిగారు. న్యూయార్కులో తప్ప మరెక్కడా ఎక్కువమంది సరైన అర్థం చెప్పలేదు. రేపటి రోజులో 30 శాతం సేపు పడుతుందని కొందరు, ఊళ్లో 30 శాతం చోట పడుతుందని కొందరు అనుకున్నారు. దేనిలో 30 శాతం అన్నది ఎవరూ చెప్పకపోతే ప్రతివాడూ తనకు తోచింది పూరించుకుంటాడు.

వలస వెళ్లినవాళ్ల సంగతి ఒక మాట. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వీరావల్ పడవల మీద పనికి వెళ్తారు. అక్కడ హెచ్చరిక వచ్చేది వేరే భాషలో. మన చేపల చెరువుల గట్ల మీద గుడిసెల్లో ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు ఉంటారు. మన తెలుగు ఎంత బాగున్నా వాళ్లకు చేరదు. హెచ్చరిక ఎవరి కోసం రాస్తున్నామో లెక్క వేసేటప్పుడు వాళ్లనూ కలుపుకోవాలి.

ఏం చేయవచ్చో చెప్పి ముగిస్తాను. తెలుగులో నీటి లోతుకు మీటర్లు అక్కరలేని కొలతలున్నాయి. పాదం మునిగేంత, మోకాలి లోతు, నడుము లోతు, పీకల లోతు, నిలువు లోతు. చదువు రానివాడికి కూడా ఇవి ఒంటికి తెలిసిన కొలతలు. బులెటిన్‌లో గాలి మెట్టు ఒక వాక్యంలో చెప్పి, నీటి సంగతికి వేరే వాక్యం కేటాయించాలి. 'రేపు రాత్రి పది దాటాక ఉప్పెన వస్తుంది. కాలువ గట్టుకు తూర్పున ఉన్న ఇళ్లలో పీకల లోతు నీళ్లు ఉంటాయి. పొద్దు గూకకముందే హైస్కూలు మేడ ఎక్కండి. గాలి ఆగినా తెల్లవారేదాకా దిగవద్దు.' ఈ నాలుగు వాక్యాల్లో శాస్త్రానికి అపచారం ఏమీ లేదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరం వెంట ఏ ఊళ్లో ఉప్పెనకు, పోటుకు, కెరటానికి, పొంగుకు ఏమంటారో భాషాశాస్త్ర విద్యార్థులు ఒక్క వేసవిలో సేకరించగలరు. వాతావరణ కేంద్రాల దగ్గర ఆ జాబితా ఉండాలి.

వాతావరణ శాస్త్రజ్ఞులు దీనికి ఒక అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైనదే. పీకల లోతు అని చెప్పాక నీళ్లు రాకపోతే మళ్లీసారి ఎవరు నమ్ముతారు? దానికి నా దగ్గరున్న జవాబు 1990 మే 9. దివిసీమ వైపే, 1977తో పోల్చదగిన తుఫానే వచ్చింది. ఈసారి లక్షమందికి పైగా ముందే కదిలారు. పోయినవాళ్లు 1,000 లోపు. ఉప్పెన అంటే ఏమిటో కళ్లారా చూసిన తరం కాబట్టి అది వస్తుందో రాదో తేలేదాకా ఆగలేదు. ఏటా తొలకరిని నమ్మి విత్తనం చల్లే రైతుకు, వస్తుందో రాదో తెలియని దాని కోసం ఖర్చు పెట్టడం కొత్త కాదు. 'రాకపోవచ్చు కూడా, అయినా వెళ్లండి' అని నేరుగా చెబితే ఆయనకు అర్థమవుతుంది. 'అవకాశం ఉంది' అని నసిగితేనే నమ్మకం పోతుంది.

తుఫాను రోజుల్లో మూడేసి గంటలకు ఒక బులెటిన్ వస్తుంది. అది బయటికి వెళ్లేముందు తీరంలో ఒక ఊరికి ఫోను చేసి, చదివి వినిపించి, 'ఇది విన్నాక మీరేం చేస్తారు?' అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. 'అర్థమైందా?' అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. 'పడవ పైకి లాక్కుంటాం, రేకుల మీద రాళ్లు పెడతాం' అన్న జవాబు వస్తే, వాళ్లకు గాలి గురించే వినపడిందన్నమాట. అప్పుడు వాక్యం మార్చి మళ్లీ చదవాలి. 'పిల్లల్నీ ముసలమ్మనీ తీసుకుని మేడ ఎక్కుతాం, గొడ్లను విప్పేస్తాం' అన్న జవాబు వచ్చినప్పుడు ఆ బులెటిన్ పంపవచ్చు.